క్లింటన్ డేవిసన్

అమెరికా దేశమున ఇలినాయ్ రాష్ట్రమందు బ్లూమింగ్టన్ అను పట్టణము కలదు. క్లింటన్ డేవిసన్ అచట 1881వ సంవత్సరమున జన్మించెను. తల్లి ఉపాధ్యాయిని, తండ్రి చేతిపనివాడు. ఆయన షికాగో విశ్వవిద్యాలయమున చేరెను గాని, ఒక్క యేడు గడచునప్పటికి ధనము లేక చదువు మానవలసివచ్చెను. ఆచార్య మిలికన్ ఆ యువకుని ప్రతిభ గుర్తించి, ఉద్యోగము లిప్పించి ఆదుకొనెను. పనిచేయుచు, చదువుకొనుచు, 1911లో ప్రిన్స్‌టన్‌లో డాక్టరు పట్టమును పొందెను.

1917లో సైన్యమున చేరబోగా, దేహము బలహీనమని అధికారులు త్రోసిపుచ్చిరి. పిమ్మట న్యూయార్కులోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పరిశోధకు డయ్యెను.

లోహపు పలకపై ఎలక్ట్రానులను ప్రయోగించినచో ఏమగును? ఈ ప్రశ్న ఆయనను చాలకాలము విడువలేదు. గాలి తీసివేసిన గాజు నాళికలో నికెలు పలకనుంచి, దానిపై ఎలక్ట్రానులను పంపెడివాడు. వానిలో పెక్కు తమ శక్తిని కోల్పోవును. కొన్ని మాత్రము గోడకు కొట్టిన బంతివలె వేగము తగ్గక మరలివచ్చును. ఏ దిక్కునకు ఎన్ని మరలినవో ఆయన ఓపికతో కొలుచుచుండెను. పలకపై గాలి పొర యించుక నిలిచినను ఆ కొలత చెడును.

1925 ఫిబ్రవరిలో పెద్ద యాపద వచ్చెను. ద్రవవాయువు గల సీసా ప్రేలి నాళిక పగిలెను. అప్పుడు నికెలు మిక్కిలి వేడిగా నుండుటచే, లోనికి చొచ్చిన గాలి తగిలి దానిపై చిలుము పట్టెను. వేరొక రైనచో ఆ పలకను పారవేసి యుందురేమో! డేవిసన్, ఆయన సహచరుడు జెర్మర్ దానిని ఉదజనిలోను, శూన్యములోను చాలసేపు కాచి శుభ్రపరచిరి. మరల కొలువగా ఫలితములు పూర్వమువలె లేవు. ఎలక్ట్రానులు కొన్ని దిక్కులకే గుంపులుగా మరలుచుండెను. నాళికను కోసి చూచిరి. మునుపు పలకలో లెక్కలేనన్ని సన్నని స్ఫటికము లుండెను. కాచుటచే అవి కలిసి కొలది పెద్ద స్ఫటికములుగా మారియుండెను.

దీని యర్థము వెంటనే తెలియలేదు. 1926 వేసవిలో ఆయన భార్యతో ఇంగ్లండునకు విహారమునకై వెళ్లి, ఆక్స్‌ఫర్డులో జరిగిన విజ్ఞానసభకు పోయెను. ఎలక్ట్రానునకు తరంగస్వభావము కలదని ఫ్రాన్సు దేశపు డి బ్రోలీ చెప్పిన సిద్ధాంతమునకు, తాను 1923లో ప్రకటించిన కొలతలనే మాక్స్ బార్న్ సాక్ష్యముగా చూపుట విని ఆశ్చర్యపడెను. తిరుగు ప్రయాణమున ఓడలోనే ఆ కొత్త సిద్ధాంతమును చదువ నారంభించెను.

1927లో, ఒకే స్ఫటికమైన నికెలుపై 54 వోల్టుల ఎలక్ట్రానులను పంపగా, అవి 50 డిగ్రీల కోణమున మెండుగా కనబడెను. స్ఫటికములపై ఎక్స్ కిరణములు ఇట్లే ప్రత్యేక దిక్కులకు మరలునని అంతకుముందే తెలియును. పరమాణువుల వరుసల నడిమి దూరమును బట్టి లెక్కింపగా, ఎలక్ట్రాను తరంగ దైర్ఘ్యము 1.65 ఆంగ్‌స్ట్రాములు, అనగా సెంటీమీటరులో సుమారు ఆరుకోట్లవ వంతు, అని తేలెను. డి బ్రోలీ సూత్రము ప్రకారము రావలసినది 1.67!

ఇందులకై 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. వేరొక విధముగా ఇదే విషయమును నిరూపించిన జి. పి. థామ్సన్ అందు పాలుపంచుకొనెను. ఎలక్ట్రానును కణముగా లోకమునకు చూపిన జె. జె. థామ్సన్‌కు ఇతడు కుమారు డగుట చిత్రము.

డేవిసన్ 1958లో కాలధర్మము చెందెను. ఎక్స్ కిరణములు లోహమున లోతునకు చొచ్చును. వేగము తక్కువైన ఎలక్ట్రానులు పైనున్న కొలది పరమాణు పొరలను దాటి పోజాలవు. కావుననే లోహపు ఉపరితలమును పరిశీలించువారు నేటికిని ఆయన పద్ధతిని అవలంబించుచున్నారు.