స్వచ్ఛంద సేవకు ప్రభుత్వ చేయూత: దుర్గాబాయి దేశ్‌ముఖ్ చూపిన బాట

శ్రీకాకుళం, జూలై 15: పేదరికంపై పోరులో ప్రభుత్వ నిధిని, స్వచ్ఛంద సేవకుల శ్రమను ఒకే కాడికి పూన్చిన ఘనత శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు దక్కుతుంది. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా ఆమె రూపొందించిన గ్రాంట్ల విధానం పట్టణాలలోని సేవాసంస్థలతో ఆగిపోక, వెనుకబడిన జిల్లాల పల్లెలకు చేరేందుకు మార్గం వేసింది. జూలై 15 ఆమె జయంతి.

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే బాల్యవివాహం జరిగింది. యుక్తవయస్సు రాగానే ఆ బంధం నుంచి ఆమె తప్పుకున్నారు. బాలికగా ఉండగానే ఇతరులకు హిందీ నేర్పే పాఠశాలను నడిపారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినపుడు దేవదాసీల సభ కోసం ఐదు వేల రూపాయల నిధిని సమకూర్చడంలో ముందు నిలిచారు. పన్నెండేళ్ళు నిండని వయస్సులో పొందిన ఆ అనుభవం ఆమె జీవితానికి పునాది అయింది. సేవాకార్యానికి సంకల్పం ఎంత అవసరమో, ధనం కూడా అంతే అవసరమని ఆమె నాడే గ్రహించారు.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో మద్రాసులో పాల్గొన్న ఉద్యమాల ఫలితంగా ఆమె పలుమార్లు జైలుశిక్ష అనుభవించారు. విడుదలైన పిమ్మట ఆగిపోయిన చదువును తిరిగి ప్రారంభించారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మహిళలకు వసతిగృహం లేనందున ప్రవేశానికి ఆటంకం ఎదురైంది. చదువుకోగోరే యువతులను కూడగట్టి, వసతిని తామే ఏర్పాటు చేసుకొని ఆమె ఆ అడ్డంకిని దాటారు. అనంతరం మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించి న్యాయవాది అయ్యారు. 1937లో ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ విరాళాలపై ఆధారపడి పెరిగిన సంస్థ. నిధులు అందక సేవాసంస్థలు పడే ఇక్కట్లు ఆమెకు స్వానుభవమే.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికైన దుర్గాబాయి, 1952 సార్వత్రిక ఎన్నికలలో పరాజయం పొందారు. అయితే అదే సంవత్సరం ప్రణాళికా సంఘం సభ్యత్వం లభించి, సాంఘిక సేవల బాధ్యత ఆమెకు అప్పగించబడింది. 1953 జనవరిలో నాటి కేంద్ర ఆర్థికమంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. స్వచ్ఛంద సంస్థలకు సహాయంగా మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించబడ్డాయి. ఈ మొత్తాన్ని పంపిణీ చేసేందుకు 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పాటైంది.

ఈ మండలిలో అనధికార సభ్యులైన మహిళా సేవాకార్యకర్తలకు ఆమె ప్రాధాన్యం కల్పించారు. గ్రాంటు పొందే సంస్థ తనవంతు విరాళాన్ని కూడా సమకూర్చుకోవాలన్న నియమం విధించారు. ప్రభుత్వ ధనం సేవాభావానికి ఊతం కావాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించరాదన్నది ఈ ఏర్పాటులోని ఆంతర్యం.

అయితే ఆచరణలో ఒక చిక్కు బయటపడింది. గ్రాంటు కోరగల సంస్థలు అధికంగా పట్టణాలలోనే ఉండేవి. సంస్థ లేని చోటికి సహాయం చేరే వీలు లేదు. పేదరికం మిక్కుటంగా ఉన్నది అక్కడే. 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో నాడు పార్వతీపురం, బొబ్బిలి ప్రాంతాలు ఉండేవి. విజయనగరం పట్టణం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. పల్లెలు, గిరిజన గూడేలు అధికంగా గల ఇటువంటి ప్రాంతానికి పట్టణ సంస్థల గ్రాంట్ల వల్ల ఒనగూరే మేలు స్వల్పం.

ఈ లోటును పూరించేందుకు 1954లో సంక్షేమ విస్తరణ పథకాలు ఆరంభమయ్యాయి. జిల్లాకు ఒకటి చొప్పున నెలకొల్పాలన్నది లక్ష్యం. ఒక్కొక్క పథకం సుమారు 25 గ్రామాలకు ఉద్దేశించినది. బాలవాడి, గర్భిణులకు, శిశువులకు ఆరోగ్య సేవలు, మహిళలకు అక్షరాస్యత, చేతిపనులలో శిక్షణ అందులోని అంశాలు. నిర్వహణ బాధ్యత స్థానిక మహిళా కార్యకర్తలు అధికంగా గల కమిటీలది. గ్రామసేవికలు, మంత్రసానులు పల్లెలలోనే ఉండి పనిచేయవలసి ఉండేది.

అంతలో మరొక కొరత ఎదురైంది. గ్రామసేవిక పనికి తగిన చదువు గల స్త్రీలు పల్లెలలో లభించలేదు. ఉద్యోగానికి కావలసిన అర్హతను తగ్గించడానికి బదులు, ఆ అర్హతను గ్రామీణ స్త్రీలకు అందించడమే దుర్గాబాయి ఎంచుకున్న పరిష్కారం. చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన మహిళలను స్వల్పకాలంలో పరీక్షలకు సిద్ధం చేసే సంక్షిప్త విద్యా కోర్సులు 1958లో ప్రారంభమయ్యాయి. వితంతువులు, భర్తల ఆదరణకు దూరమైన స్త్రీలు ఎందరో ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా స్వశక్తిపై నిలబడేందుకు ఇవి దోహదం చేశాయి. జైలు నుంచి వచ్చి చదువు కొనసాగించిన ఆమె అనుభవమే ఈ కోర్సులకు ప్రేరణ అనవచ్చు.

1958లో జాతీయ మహిళా విద్యా కమిటీ అధ్యక్షురాలిగా కూడా ఆమె సేవలందించారు. 1975లో పద్మవిభూషణ్ పురస్కారం ఆమెను వరించింది. 1981 మే 9న ఆమె పరమపదించారు.

నిధి మంజూరుతో బాధ్యత తీరదని, అది చేరని పల్లె ఏదో వెదకడం, అక్కడ పనిచేయగల మనిషిని తయారు చేయడం కూడా ప్రభుత్వ కర్తవ్యమేనని దుర్గాబాయి ఆచరించి చూపారు. సంక్షేమ నిధుల వినియోగాన్ని పర్యవేక్షించే ప్రతి అధికారికి, ప్రతి సేవాసంస్థకు ఆమె కృషి మార్గదర్శకం.