భయం వెనుక మనిషి – నటుడు బోరిస్ కార్లోఫ్ జీవితం

దెయ్యాల సినిమాల గురించి మన ఇళ్లలో ఒక వాదన తరచుగా జరుగుతూ ఉంటుంది. ఇప్పటి సినిమాల్లో నెత్తురు, కేకలు తప్ప ఏమున్నాయని పెద్దలు అంటారు. పాత సినిమాల్లో భయపడడానికి ఏముందని మనుమలు నవ్వుతారు. ఈ వాదనలో ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే బోరిస్ కార్లోఫ్ జీవితం తెలుసుకోవడం మంచిది. దాదాపు నాలుగు దశాబ్దాలు ప్రపంచాన్ని భయపెట్టిన ఈ నటుడు, తన కాలపు భయం పాతబడిపోయిందా అన్న ప్రశ్నను ఎనభై ఏళ్ల వయసులో తెర మీద తానే ఎదుర్కొన్నారు.

కార్లోఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబరు 23న లండన్‌లోని కాంబర్‌వెల్‌లో జన్మించారు. తండ్రి భారతదేశంలో బ్రిటిష్ ప్రభుత్వపు ఉప్పు శాఖలో ఉద్యోగం చేసినవారు. తల్లి వైపు, తండ్రి వైపు కూడా పూర్వికుల్లో భారతీయులున్నారు. ఆ చామనఛాయ ఆయనకు అలా వచ్చినదే. తల్లిదండ్రుల అండ చిన్నతనంలోనే పోవడంతో అన్నలు, అక్క ఆయనను పెంచారు. అన్నల్లో ఒకరైన సర్ జాన్ ప్రాట్ చైనాలో బ్రిటిష్ దౌత్యాధికారిగా పేరు తెచ్చుకున్నారు. తమ్ముడు కూడా అదే దారిలో స్థిరమైన ప్రభుత్వోద్యోగంలో చేరాలని ఇంట్లోవారి కోరిక. ఆయన మనసు మాత్రం నాటకాల మీద ఉంది. పైగా కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకలేని లోపం ఒకటి. అయినా వెనుకాడలేదు.

1909లో చదువు వదిలి కెనడాకు ఓడ ఎక్కారు. అక్కడ పొలాల్లో కూలిపని చేశారు. తర్వాత ఊరూరా తిరిగే నాటక సమాజాల్లో చేరి బోరిస్ కార్లోఫ్ అనే పేరు పెట్టుకున్నారు. హాలీవుడ్ చేరాక మూకీ సినిమాల్లో గుంపులో ఒకడిగా, చిన్న చిన్న దుష్టపాత్రల్లో కనిపించారు. వేషాలు లేని రోజుల్లో లారీ నడిపి పొట్ట పోసుకున్నారు. సుమారు ఎనభై సినిమాల్లో నటించినా ప్రేక్షకులకు ఆయన పేరు తెలియదు. నలభై దాటిన మనిషికి ఇక అవకాశం ఏం వస్తుందని ఎవరైనా అనుకుంటారు.

ఆ అవకాశం 1931లో వచ్చింది. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలను యూనివర్సల్ సంస్థ సినిమాగా తీస్తోంది. శవాల అవయవాలు కుట్టి ఒక శాస్త్రజ్ఞుడు ప్రాణం పోసిన వికృతాకారం పాత్రకు దర్శకుడు జేమ్స్ వేల్ కార్లోఫ్‌ను ఎంచుకున్నారు. మేకప్ నిపుణుడు జాక్ పియర్స్‌కు ఆ ముఖం తయారు చేయడానికి రోజూ సుమారు నాలుగు గంటలు పట్టేది. కళ్లలో జీవం తక్కువగా కనపడాలని రెప్పల మీద మైనం వేయమని సూచించింది కార్లోఫే. కట్టుడు పళ్లు తీసేసి ఒక పక్క చెంపను లోపలికి పోనిచ్చారు. బరువైన బూట్లు, దళసరి దుస్తులు వేసుకుని వేసవి ఎండల్లో పని చేశారు. సాటి నటుణ్ణి భుజాన వేసుకుని గుట్ట ఎక్కే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ తీయడంతో నడుము దెబ్బతింది. ఆ బాధ జీవితాంతం ఆయనను వదల్లేదు. ఇంత చేసినా సినిమా మొదట్లో వేసే పేర్లలో ఆ పాత్రకు ఎదురుగా ప్రశ్నార్థకం మాత్రమే పెట్టారు! సినిమా విడుదలైన కొద్ది రోజుల్లోనే ఆ ప్రశ్నార్థకం వెనుక ఉన్న మనిషి ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు. అప్పటికి ఆయన వయసు 44.

ఆ సినిమాలో ఆ పాత్రకు ఒక్క మాట కూడా లేదు. పైకప్పు తెరిచినప్పుడు మొదటిసారి వెలుగు పడితే, దాన్ని అందుకోవాలని రెండు చేతులూ పైకి చాస్తాడు. ఆ ఒక్క దృశ్యంతో అది రాక్షసి కాదు, తల్లి లేని పసిబిడ్డ అని చూసేవారికి తెలిసిపోతుంది. మరో దృశ్యంలో చెరువు గట్టున ఒక చిన్నపిల్ల అతన్ని చూసి భయపడకుండా ఆటకు పిలుస్తుంది. ఇద్దరూ పూలు నీటిలో వేస్తారు. అవి తేలుతాయి. పిల్ల కూడా అలాగే తేలుతుందనుకుని ఎత్తి నీటిలో వేస్తాడు. మునిగిపోయాక అతనికి కలిగే దిగ్భ్రమ చూడాలి. సెన్సారు వారు ఈ ఘట్టాన్ని, పిల్ల వైపు చేయి చాపిన చోట కత్తిరించారు. దాంతో ప్రేక్షకులు అంతకంటే ఘోరమైనదేదో ఊహించుకున్నారు. తీసేసిన భాగాన్ని 1980లలో మళ్లీ కలిపారు. చూపని దానికి ఎంత బలం ఉంటుందో, అమాయకత్వం పోతే కథ ఎంత మారిపోతుందో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. ఆ వికృతాకారం మీద జాలిపడుతూ పిల్లలు రాసిన ఉత్తరాలను కార్లోఫ్ తనకు దక్కిన గొప్ప బహుమతిగా భావించేవారు.

మన సంఘ సభ్యులు తప్పక తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఆ రోజుల్లో హాలీవుడ్ నటులకు పని గంటల లెక్క లేదు. 1933లో ఆర్థిక మాంద్యం పేరుతో సంస్థలు జీతాలు సగానికి కోశాయి. అప్పుడు కొద్దిమంది నటులు రహస్యంగా సమావేశమై 'స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్' అనే సంఘాన్ని స్థాపించారు. వారిలో కార్లోఫ్ ఒకరు. ఆయన సభ్యత్వ సంఖ్య 9. అప్పటికి ఆయన పెద్ద తార. తన సంగతి తాను చూసుకుని ఊరుకోవచ్చు. అయినా చిన్న వేషాల వారి కోసం ముందుకు వచ్చారు. ఇరవై ఏళ్లు గుంపులో నిలబడినవాడికి ఆ కష్టం తెలుసు. 1937లో నిర్మాతలు ఆ సంఘాన్ని గుర్తించి ఒప్పందం మీద సంతకం చేశారు.

తర్వాత 'ది మమ్మీ' (1932), 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1935) వంటి చిత్రాలు వచ్చాయి. 1938లో సరిగ్గా తన పుట్టినరోజునే కూతురు సారా పుట్టింది. 1941లో న్యూయార్క్ రంగస్థలం మీద 'ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్' అనే హాస్య నాటకంలో తన భయంకర రూపాన్ని తానే వెక్కిరించుకుని నవ్వించారు. 1945లో వచ్చిన 'ది బాడీ స్నాచర్' ఆయన మేలైన చిత్రాల్లో ఒకటి. తెర బయట ఆయన మృదుభాషి, క్రికెట్ ప్రియుడు. 1966లో పిల్లల టెలివిజన్ కథ 'గ్రించ్'కు ఇచ్చిన గొంతును అమెరికాలో ఈనాటికీ ప్రతి క్రిస్మస్‌కూ వింటారు. తన సినిమాలను జుగుప్స కలిగించేవిగా పిలవడం ఆయనకు నచ్చేది కాదు. భయం వేరు, అసహ్యం వేరు అన్నది ఆయన అభిప్రాయం.

1968లో పీటర్ బొగ్డనోవిచ్ అనే యువ దర్శకుడు తన మొదటి పెద్ద ప్రయత్నంగా తీసిన 'టార్గెట్స్' విడుదలైంది. అందులో కార్లోఫ్ ఒక వృద్ధ నటుడు. పత్రికల్లో రోజూ నిజమైన హత్యలు చదివే జనానికి తన రంగువేసిన ముఖం ఇంకేం భయం కలిగిస్తుందని పదవీ విరమణకు సిద్ధపడతాడు. అదే ఊళ్లో మర్యాదస్తుడిలా కనిపించే ఒక యువకుడు కారణం లేకుండా తుపాకీతో జనాన్ని కాల్చి చంపుతుంటాడు. 1966లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ గోపురం మీద నుంచి జరిగిన కాల్పులే ఈ కథకు ఆధారం. చివరకు ఆ ముసలి నటుడు చేతికర్రతో నడుచుకుంటూ వెళ్లి, హంతకుడి తుపాకీని పడగొట్టి చెంపదెబ్బ కొడతాడు. అప్పటికి కార్లోఫ్‌కు ఊపిరితిత్తులు పాడయ్యాయి, కాళ్లు సహకరించడం లేదు. అయినా పనికి లోటు చేయలేదు. 1969 ఫిబ్రవరి 2న ఇంగ్లండులోని మిడ్‌హర్స్ట్ ఆసుపత్రిలో 81వ ఏట కన్నుమూశారు.

ఆయన తర్వాత ఈ సినిమాల తీరు మారింది. 'ది ఎక్సార్సిస్ట్' (1973) దాచవలసిన వాటిని కూడా చూపింది. 'ఫ్రైడే ది థర్టీన్త్' (1980) వంటివి హత్యలను వరుసగా లెక్కపెట్టాయి. చచ్చేవాడు ఎవరో, చంపేవాడు ఎందుకు చంపుతున్నాడో పట్టించుకునే తీరిక వాటికి లేదు. పెద్దల ఫిర్యాదు ఇక్కడ న్యాయమైనదే. కానీ ఒక్క మాట మరువరాదు. 1931లో 'ఫ్రాంకెన్‌స్టైన్' కూడా హద్దు మీరిందని నాటి పెద్దలు గగ్గోలు పెట్టారు. పాతవన్నీ మంచివి కావు, కొత్తవన్నీ చెడ్డవి కావు. 'హాలోవీన్' (1978) నెత్తురు పెద్దగా చూపకుండానే వణికించింది. 'గెట్ అవుట్' (2017) నల్లజాతి వారి భయాన్ని కథగా చెప్పి ఆస్కార్ అందుకుంది. 2025లో గిలెర్మో డెల్ టోరో తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' మళ్లీ ఆ వికృతాకారం గుండెకోతనే చూపింది.

కనుక తేడా కాలంలో లేదు. సినిమా ముగిశాక ఎవరి మీదనైనా మనకు జాలి మిగిలిందా లేదా అన్నదే కొలత. మనుమలతో వాదించే బదులు ఒక సాయంత్రం వారితో కూర్చుని ఆ చెరువు గట్టు దృశ్యం చూడండి. వారు నవ్వినా ఫరవాలేదు. ఆ పిల్ల మునిగిపోయేసరికి నవ్వు ఆగుతుంది. ప్రశ్నార్థకంగా మొదలై, తోటి పనివారి కోసం నిలబడి, ఎనభై ఏళ్ల వయసులోనూ తన పనికి న్యాయం చేసిన ఆ మంచి మనిషికి అదే మనం ఇవ్వగల గౌరవం.