తూకాలు వేరు, లెక్క ఒకటి

మందుల చరిత్రలో చిరస్మరణీయులైన యల్లాప్రగడ సుబ్బారావుగారికి తొలి కీర్తిని తెచ్చినది మందు కాదు, ఒక లెక్క. గ్రాములను మోల్‌లుగా మార్చే చిన్న భాగహారమే దానికి మూలం.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు ఉత్తీర్ణులైనారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియైనందున, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టంతో తృప్తి చెందవలసి వచ్చినది. సోదరుని స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి బలిగొన్నది. ఆ దుఃఖంతోనే సముద్రాలు దాటి బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరుస్తూ చదువు సాగించారు. తరువాత హార్వర్డు వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలసి పరిశోధనకు పూనుకొన్నారు.

రక్తంలోను, మూత్రంలోను ఉండే స్వల్ప భాస్వరాన్ని నీలిరంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతిని వారిరువురూ 1925లో ప్రకటించారు. ఆ పద్ధతిని కండరానికి వర్తింపజేయగా ఒక వింత కనిపించినది. నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, క్రమక్రమంగా చిక్కబడసాగినది. భాస్వరం వేరొక పదార్థంతో కూడి ఉండి, మెల్లగా విడివడుతున్నదని వారు గ్రహించారు. ఆ రెండవ పదార్థం క్రియేటిన్ అని తోచినది. తోచినంత మాత్రాన చాలదు, నిరూపించాలి.

ఇక్కడ తూకం మోసగిస్తుంది. ఉదాహరణకు 62 మిల్లీగ్రాముల భాస్వరానికి 262 మిల్లీగ్రాముల క్రియేటిన్ లభించినదనుకొందాము. ఈ అంకెలలో ఏ సామ్యమూ కానరాదు. డజను నిమ్మకాయలకూ డజను కొబ్బరికాయలకూ తూకంలో పోలిక లేదుగదా! లెక్కలో మాత్రం భేదం లేదు. రసాయనశాస్త్రంలో డజను వంటిదే మోల్. ఒక మోల్ భాస్వరం సుమారు 31 గ్రాములు. ఒక మోల్ క్రియేటిన్ సుమారు 131 గ్రాములు. 62ను 31తోను, 262ను 131తోను భాగించి చూడండి. రెండింటికీ వచ్చేది 2 మిల్లీమోల్‌లే.

కండరంలో ఈ రెండూ ఒకటికి ఒకటిగా ఉన్నవని వారు 1927లో తేల్చారు. అదే ఫాస్ఫోక్రియేటిన్. కండరం శ్రమించినప్పుడు విడిపోయి, విశ్రాంతిలో మరల కూడే శక్తినిధి అది. అదే ఏడాది లండన్‌లో ఎగిల్‌టన్ దంపతులు కూడా ఈ పదార్థం ఉనికిని కనుగొన్నారు; కాని భాస్వరానికి జత క్రియేటిన్ అని చూపినది బోస్టన్ లెక్క. 1929లో వెలువడిన ఏ.టి.పి. విషయంలోను నిష్పత్తే దారి చూపినది: ఒక అడినైన్‌కు మూడు ఫాస్ఫేట్లు.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు ఔషధమైనది. సోదరుని కాలంలో ఆ ఔషధం లేదు. బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేటు, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవినాశని ఆయన పర్యవేక్షణలో వెలువడినవే. 1948 ఆగస్టులో, మాతృదేశాన్ని మరల చూడకుండానే, 53వ ఏట న్యూయార్కులో కన్నుమూశారు.

సిద్దిపేట పాఠశాలలోనైనా, హార్వర్డులోనైనా ఆ భాగహారం ఒక్కటే. గ్రాములను అణుభారంతో భాగించే విద్యార్థి, రెండుమార్లు పరీక్ష తప్పిన ఆ భీమవరం బాలుని స్మరించుకొనుట సముచితం.