గాంధీమహాత్ముఁడు: రెండు పట్టికలు

మన నగరి నాఁడు చేరియుండిన ఉత్తరార్కాటు జిల్లానుండి పలువురు కూలీలు చెన్నపట్టణపు రేవున ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నెటాలునకుఁ బోయిరి. అట్టివారికిఁ గోర్టులలో దిక్కైనవాఁడు మోహనదాసు గాంధి. 1894లో ఆయన న్యాయవాదుల పట్టికలోఁ జేరఁగోరఁగా, తెల్లవారి న్యాయవాదిసంఘ మాక్షేపించెను. సుప్రీముకోర్టు దానిని త్రోసివైచి యాయనను జేర్చుకొనెను. 1903లో ట్రాన్సువాలునందు అటార్నీగా నమోదై, స్వదేశీయుల ప్రవేశపత్రములకై అధికారులతో వాదించుచుండెను. ఆసియావాసులు వ్రేలిముద్రలతోఁ బేరు నమోదు చేసికొనవలెనని 1907లోఁ జట్టము రాఁగా, నొప్పుకొనఁడయ్యెను. 1908 జనవరిలోఁ దాను వాదించిన న్యాయస్థానముననే ముద్దాయిగా నిలిచి చెరసాల కేగెను. హక్కు నిచ్చు పట్టికకై పోరుట, మానము గొను పట్టికను నిరాకరించుట, రెండును ఒకే ధర్మమని మేము తలంతుము.