చొక్కా కూడా పందెంలో పోగొట్టుకున్న పునీతుడు



పేకాటలో డబ్బు ఒడ్డినవాడికి ఓడిన రాత్రి నిద్ర పట్టదు. గెలిచిన రాత్రీ పట్టదు. ఇది నేను పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు, విచారణలో ఇళ్ళు దర్శించడానికి వెళ్ళినప్పుడు ఇల్లాళ్ళు చెప్పుకోగా విన్నది. కూలి డబ్బు చేతికి అందిన సాయంత్రం జీడి బట్టీ నుంచి, జూట్ మిల్లు నుంచి తిన్నగా ఇంటికి రాని మగవాళ్ళు మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నారు. సంక్రాంతి మూడు రోజులూ తోటల్లో మూడుముక్కలాట ఆడి, కనుమ నాటికి భార్య డ్వాక్రా సంఘంలో తెచ్చిన అప్పు కూడా ఊడ్చేసినవాళ్ళు ఉన్నారు. తరువాత సెల్‌ఫోనులోకి రమ్మీ, పోకరు వచ్చాయి. ఇక తోట దాకా నడిచే పని కూడా లేకపోయింది, దుప్పటి ముసుగేసుకునే ఆడారు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలనూ నిషేధించారు. 2025లో కేంద్రం దేశమంతటికీ అటువంటి చట్టమే చేసింది. మంచిదే. కాని పోయిన డబ్బు తాలూకు దడ మాత్రం చాలా ఇళ్ళలో అలాగే ఉంది.

ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చి, డబ్బు పోతుందన్న భయం లేకుండా ఆడగలగడానికి ఏదైనా ప్రార్థన ఉందా అని అడిగాడు. నాకు నవ్వు రాలేదు. భయం పోవాలి, ఆట ఉండాలి, అదీ అతని కోరిక. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత పునీత కమిల్లస్ దె లెల్లిస్ జీవితం మళ్ళీ తీసి చదివాను. ఆసుపత్రుల గోడల మీద, నర్సుల దగ్గర ఆయన పటం మీరు చూసే ఉంటారు. నల్లని అంగీ, ఛాతీ మీద పెద్ద ఎర్రని సిలువ. ఆ అంగీ తొడుక్కోక ముందు ఆయన పచ్చి జూదరి.

కమిల్లస్ 1550 మే 25న ఇటలీలో, నేపుల్స్ రాజ్యానికి చెందిన బుక్కియానికో అనే ఊళ్ళో పుట్టాడు. అప్పటికి తల్లి కమిల్లాకు వయసు బాగా మళ్ళింది. బిడ్డ కడుపులో ఉండగా ఆమెకు ఒక కల వచ్చిందని చెబుతారు. ఛాతీ మీద సిలువ గుర్తు ఉన్న పిల్లవాడు, వాడి వెనుక అదే గుర్తుతో మరికొందరు పిల్లలు. ఆ తల్లి సంతోషించలేదు, భయపడింది. తన కొడుకు దొంగల ముఠాకు నాయకుడవుతాడేమోనని బెంగపెట్టుకుంది. తండ్రి జొవాన్ని కూలికి యుద్ధం చేసే సైనికుడు. కోపిష్టి, జూదరి కూడా. కమిల్లస్ చిన్నతనంలోనే తల్లి చనిపోయింది. ఇక వాడికి మిగిలిన బడి తండ్రి, తండ్రి స్నేహితులు, వాళ్ళ పాచికలు, పేకముక్కలు.

పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, తురకలతో యుద్ధానికి సైన్యంలో చేరడానికి తండ్రీ కొడుకులు బయలుదేరారు. దారిలోనే తండ్రి జబ్బుపడి పోయాడు. కమిల్లస్ ఆరున్నర అడుగుల మనిషి, బలశాలి. కాని కాలి మీద చీలమండకు పైన ఒక పుండు లేచింది. అది చచ్చేదాకా మానలేదు. ఆ రోజుల్లోనే ఇద్దరు ఫ్రాన్సిస్కన్ సన్యాసులను చూసి మనసు కరిగి, తానూ సన్యాసిని అవుతానని మొక్కుకున్నాడు. ఆ సభలోనే ఉన్న మేనమామ దగ్గరకు వెళితే, చేర్చుకోలేదు. మొక్కు గాలికి పోయింది.

పుండుకు వైద్యం కోసం 1571లో రోము నగరంలో సాన్ జాకొమో ఆసుపత్రికి చేరాడు. నయంకాని రోగుల ఆసుపత్రి అది. డబ్బు లేదు కనుక అక్కడే పనివాడుగా ఉంటూ వైద్యం చేయించుకున్నాడు. పని మధ్యలో నదీ తీరానికి జారుకుని, పడవవాళ్ళతో కూర్చుని ఆడేవాడు. గొడవలు పెట్టుకునేవాడు. కొన్ని నెలలు చూసి ఆసుపత్రివారు బయటికి పంపేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

అక్కడినుంచి మళ్ళీ సైన్యం. మొదట వెనిస్ వారి కొలువు, తరువాత స్పెయిన్ వారిది. 1574లో ఓడలో నేపుల్స్‌కు తిరిగి వస్తుంటే తుపాను పట్టుకుంది. మన భావనపాడు, చింతపల్లి తీరాల్లో వేటకు వెళ్ళేవారికి వేరే చెప్పనక్కర్లేదు, సముద్రం తిరగబడితే మొక్కని మనిషి ఉండడు. కమిల్లస్ కూడా పాత మొక్కును మళ్ళీ మొక్కాడు. ఒడ్డుకు చేరాడు. చేతిలో డబ్బుంది. నేపుల్స్ వీధుల్లో ఆట మొదలుపెట్టాడు. డబ్బు పోయింది. పోయినది రాబట్టాలని కత్తి పెట్టాడు, పోయింది. తుపాకీ, మందుగుండు కుప్పెలు, పైన కప్పుకునే అంగీ, చివరికి ఒంటిమీది చొక్కా, ఒకదాని వెనుక ఒకటి పోయాయి.

మన విజయనగరం గురజాడవారి కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో పేకాట రంగం చూసి కడుపుబ్బ నవ్వుకుంటాం. ధర్మరాజు ఒడ్డిన పందెం గురించి విన్నప్పుడు మాత్రం నవ్వు రాదు. కమిల్లస్ ఆడింది ఆ రెండో రకం ఆట. వంద పోతే వచ్చే బాధ, వంద వస్తే కలిగే సంతోషానికి ఇంచుమించు రెండింతలుంటుందని కానెమన్, ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనలు చూపించాయి. వారి మొదటి పెద్ద వ్యాసం 1979లో వచ్చింది. ఆ బాధను ఓర్చుకోలేకనే మనిషి తరువాతి పందెం పెద్దది చేస్తాడు. అంటే భయం ఆటను ఆపదు, దాన్నింకా ముందుకు తోస్తుంది. ఆ కుర్రవాడికి నేను చెప్పవలసిన మొదటి మాట ఇది.

లెక్క తెలిస్తే భయం పోతుందనుకునేవాళ్ళు కొందరున్నారు. సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. ఆ కాలంలోనే ఇటలీలో జెరోలమో కార్దానో అనే గొప్ప వైద్యుడు, గణిత పండితుడు ఉండేవాడు. పాచికల్లో ఏది పడే అవకాశం ఎంతో లెక్కగట్టి పుస్తకం రాసిన తొలి మనుషుల్లో ఆయన ఒకడు. అంత లెక్క తెలిసీ ఏళ్ళ తరబడి జూదానికి అంటుకుపోయానని తన జీవిత కథలో ఆయనే సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. 1576లో రోములోనే కన్నుమూశాడు.

సరే, మన కథకు వద్దాం. చొక్కా కూడా లేని కమిల్లస్, తనలాంటి ఒక తోటి సైనికుడితో కలిసి ఊరూరా అడుక్కుంటూ తూర్పు తీరాన మన్‌ఫ్రెదోనియా పట్టణం చేరాడు. గుడి గుమ్మం దగ్గర చేయి చాచి నిలబడితే, ఇంత మనిషివి పని చేసుకోరాదా అని ఒక పెద్దమనిషి అడిగాడు. కపుచిన్ సన్యాసులు కడుతున్న మఠానికి కూలి కావలసి ఉంది. కమిల్లస్ వెంటనే ఒప్పుకోలేదు. స్నేహితుడితో కలిసి అవతలి ఊరి దారి పట్టి, కొంత దూరం పోయాక ఒక్కడే వెనక్కి తిరిగి వచ్చాడు. నా మట్టుకు నాకు ఆ కథలో అన్నిటికంటే పెద్ద అడుగు అదే. అందులో భక్తి ఏమీ లేదు. ఆడేవాళ్ళ గుంపు నుంచి విడిపోయాడు, అంతే. పైగా చలికాలం గడిచేదాకా నాలుగు డబ్బులు కూడబెట్టుకుని మళ్ళీ సైన్యానికి పోదామనే అతని ఆలోచన.

రెండు గాడిదలను తోలుకుంటూ రాళ్ళు, సున్నం, నీళ్ళు మోశాడు. నిన్నటి సైనికుణ్ణి చూసి వీధిలో పిల్లలు ఎగతాళి చేశారు. 1575 ఫిబ్రవరి 1న మఠం పనిమీద సాన్ జొవాన్ని రొతొందోలోని కపుచిన్ మఠానికి వెళ్ళాడు. తరువాతి కాలంలో పునీత పాద్రె పియో గారు యాభై ఏళ్ళు నివసించిన ఊరు అదే. అక్కడి మఠాధిపతి ఆంజెలో గారు ఆ సాయంత్రం అతన్ని పక్కకు పిలిచి, దేవుడొక్కడే నిలిచేవాడని నెమ్మదిగా చెప్పారు. మర్నాడు, మనం కొవ్వొత్తులు మంత్రించుకునే సమర్పణ పండుగ నాడు, తిరుగు దారిలో కమిల్లస్ గాడిద మీది నుంచి దిగి రాళ్ళ మీద మోకరిల్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. ఈసారి మొక్కు చెదరలేదు.

ఎందుకు చెదరలేదని చాలాసార్లు ఆలోచించాను. వెనకటి మొక్కుల్లో ఒకటి మనసు కరిగిన క్షణంలో, ఇంకొకటి ప్రాణభయంలో పుట్టింది. ఆ క్షణం దాటిపోయాక వాటికి ఊపిరి లేదు. మూడోసారి మాత్రం అప్పటికే కొన్ని వారాలుగా పాత స్నేహితులు పక్కన లేరు, చేతిలో పందెం డబ్బు లేదు, ఒళ్ళు అలిసే పని ఉంది, రాత్రి నిద్ర పడుతోంది. దేవుని కృప దిగడానికి ఆ గాడిదలూ, ఆ సున్నమూ చోటు చేశాయని నాకనిపిస్తుంది. ఈ మధ్య జూదం మానేస్తానని పాపసంకీర్తనంలో ఏడ్చేవారి దగ్గర నేను వెంటనే ప్రమాణం అడగడం మానేశాను. మొదట కూలి డబ్బు ఎవరి చేతికి వెళ్తుందని అడుగుతున్నాను. ఎంత అప్పు ఉందో ఇంట్లో మొత్తం చెప్పావా అని అడుగుతున్నాను. సగం చెప్పి సగం దాచినవాడు ఆ దాచిన సగం కోసమే మళ్ళీ పేక పట్టుకుంటాడు. ఇది వైద్యులు కూడా గుర్తించిన జబ్బు, 1980లోనే మానసిక రోగాల పట్టికలో చేర్చారు. అప్పుల బాధలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిన ఇంట్లో ఒక్క గంట కూడా ఆలస్యం చేయవద్దు. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ వారు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

కమిల్లస్ కపుచిన్ సభలో చేరాడు. పుండు మళ్ళీ తిరగబెట్టింది, పంపేశారు. వైద్యానికి పాత సాన్ జాకొమో ఆసుపత్రికే వెళ్ళాడు. ఏళ్ళ తరబడి అక్కడే రోగులకు సేవ చేశాడు. మధ్యలో మరోసారి కపుచిన్ల దగ్గరకు వెళ్ళి, అదే పుండు వల్ల తిరిగి వచ్చాడు. 1579లో ఆ ఆసుపత్రి పెద్దలు సరుకులు, ఖర్చులు, పనివాళ్ళు, మొత్తం అజమాయిషీ ఆయన చేతిలో పెట్టారు. ఏ ఆసుపత్రి నుంచి జూదరి అని గెంటేశారో, ఆ ఆసుపత్రి డబ్బు, తాళాలు ఆయనవే అయ్యాయి. ఎనిమిదేళ్ళు పట్టింది. పోయిన నమ్మకం ఒక్క కన్నీటి పూటతో తిరిగి రాదు, ఆడవాళ్ళు ఇది నాకంటే బాగా ఎరుగుదురు. తాళంచెవి వెంటనే ఇవ్వలేదని భర్త అలిగితే, ఈ ఎనిమిదేళ్ళ లెక్క చెప్పండి.

కూలికి పనిచేసే సేవకులు రోగులను పట్టించుకోకపోవడం చూసి, ప్రేమతో సేవ చేసే మనుషుల సంఘం ఒకటి ఉండాలన్న తలంపు 1582లో ఆయనకు కలిగింది. ఆయన పాపసంకీర్తన గురువు మనకందరికీ తెలిసిన పునీత ఫిలిప్ నేరి గారు. ముప్పై దాటిన ఆ ఆజానుబాహువు చిన్నపిల్లలతో పాటు బల్ల మీద కూర్చుని లాటిన్ నేర్చుకున్నాడు. 1584లో గురువుగా అభిషిక్తుడయ్యాడు. 1586లో సంఘానికి జగద్గురువుల ఆమోదం, అంగీ మీద ఎర్ర సిలువకు అనుమతి లభించాయి. జెనీవాలో రెడ్‌క్రాస్ పుట్టింది 1863లో, దానికి దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే యుద్ధభూమిలో గాయపడినవారి మధ్య ఈ సిలువ తిరిగింది. 1591లో అది పూర్తి సభ అయింది. అంటువ్యాధి సోకే ప్రమాదమున్నా రోగిని విడవమని వారు నాలుగో మాటపట్టు చేశారు. నేపుల్స్ రేవులో జ్వరపీడిత సైనికుల ఓడల్లోకి వెళ్ళిన ఇద్దరు సభ్యులు ఆ వ్యాధితోనే చనిపోయారు.

ఆందోళన ఆయనను పూర్తిగా వదిలిపోయిందా? లేదు. రోగి ఇంకా ప్రాణంతో ఉండగానే చనిపోయాడనుకుని పాతిపెడుతున్నారేమోనని ఆయనకు పెద్ద బెంగ. ఊపిరి ఆగిందనిపించాక కూడా పావుగంట సేపు ప్రార్థన ఆపవద్దని, ముఖం కప్పవద్దని తన వారికి ఆజ్ఞ పెట్టాడు. 1598 క్రిస్మసు రోజుల్లో టైబర్ నది పొంగినప్పుడు, సాంతో స్పిరితో ఆసుపత్రిలో రోగులను మోసుకుని పై అంతస్తుకు చేర్చాడు. తన డబ్బు కోసం కొట్టుకున్న గుండె ఇప్పుడు మరొకరి ప్రాణం కోసం కొట్టుకుంటోంది.

1607లో సభ పెద్దరికం వదులుకుని, కుంటుతూనే రాత్రుళ్ళు మంచం మంచానికీ తిరిగాడు. 1614 జూలై 14న రోములో, అరవై నాలుగో ఏట కన్నుమూశాడు. 1746లో పునీతుడిగా ప్రకటించారు. తాను జూదరినన్న సంగతి ఆయన ఎప్పుడూ దాచుకోలేదు. జూలైలో ఆయన పండుగ వస్తుంది. ఆ కుర్రవాడు ఆ వారం దివ్యబలిపూజకు వస్తే, గుడి ప్రహరీకి ఇంకా పది ట్రాక్టర్ల రాళ్ళు మోయవలసి ఉందని అతనితో చెప్పాలనుకుంటున్నాను.