బరూక్ బ్లంబర్గు

అన్నదానము ఆకలిని తీర్చును; రక్తదానము పోవుచున్న ప్రాణమును నిలుపును. కాని దాత శరీరమున దాగియున్న వ్యాధి రక్తముతోపాటు రోగికి సంక్రమించినచో ఆ దానమే అపాయమునకు హేతువగును. పూర్వము రక్తము పొందిన రోగులలో కొందరు కొన్ని వారములకో నెలలకో పచ్చకామెర్లతో మంచము పట్టుచుండిరి. దాతలు చూచుటకు ఆరోగ్యవంతులే. ఎవరి రక్తము మంచిదో, ఎవరిది కాదో తెలిసికొను మార్గము వైద్యులకు లేకుండెను. ఆ మార్గమును లోకమునకు చూపిన మహనీయుడు బరూక్ బ్లంబర్గు.

ఆయన 1925వ సంవత్సరము జూలై 28వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. బ్లంబర్గు రెండవ ప్రపంచ యుద్ధకాలమున నౌకాదళమున పనిచేసెను. పిదప భౌతికశాస్త్రమున పట్టము పొంది, గణితము చదువుచుండగా, తండ్రి సలహాపై వైద్యవిద్యలో ప్రవేశించెను. ఆ దినములలోనే దక్షిణ అమెరికాలోని సురినాము దేశమునకు పోయి, ఒక గనుల పట్టణమున కొన్ని నెలలు గడపెను. భారతదేశము, జావా, ఆఫ్రికా మొదలగు చోట్లనుండి వచ్చినవారి సంతతులు అచ్చట కలసి జీవించుచుండిరి. ఒకే ప్రాంతమున నివసించుచున్నను, బోదకాలు కొన్ని జాతులవారికి హెచ్చుగను, కొన్నిటికి తక్కువగను వచ్చుట ఆయన గమనించెను. ఈ భేదమునకు కారణమేమి? ఆ ప్రశ్న ఆయనను విడువలేదు.

1951లో వైద్యపట్టమును, 1957లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జీవరసాయనశాస్త్ర పట్టమును పొంది, ఆయన నైజీరియా, అలాస్కా మొదలగు దూరప్రాంతములనుండి రక్తమును సేకరించెను. పలుమార్లు రక్తము ఎక్కించుకొన్న రోగుల శరీరము అన్యుల రక్తములోని క్రొత్త పదార్థములను ఎదిరించు ప్రతిరక్షకములను తయారుచేసికొనును. అట్టి రోగుల రక్తపు తేటతో ఇతరుల రక్తపు తేటను కలిపి ఆయన పరీక్షించుచుండెను. 1963లో, రక్తము గడ్డకట్టని జబ్బు గల ఒక న్యూయార్కు రోగి రక్తపు తేట, ఆస్ట్రేలియా ఆదిమవాసి యొకని రక్తపు తేటతో కలిసి ఒక సన్నని గీతను ఏర్పరచెను. ఆ క్రొత్త పదార్థమునకు ఆస్ట్రేలియా ప్రతిజనకమని పేరు పెట్టిరి. అది యేమియో మాత్రము ఎవరికిని తెలియదు.

1966లో ఒక వింత జరిగెను. మొదటి పరీక్షలో ఆ పదార్థము లేని రోగి యొకనికి తరువాతి పరీక్షలో అది కనబడెను. విచారింపగా ఆ నడుమ అతని కాలేయమునకు వాపు వచ్చినట్లు తేలెను. మరుసటి సంవత్సరము బ్లంబర్గు ప్రయోగశాలలోని ఉద్యోగిని యొకతె జబ్బుపడి, తన రక్తమును తానే పరీక్షించుకొనగా అదే గీత కనబడెను. ఆమె పిదప కోలుకొనెను. ఆ పదార్థము హెపటైటిస్ బి వైరసు పైపొరలోనిదని క్రమముగా స్థిరపడెను. టోక్యోలోను, న్యూయార్కులోను ఇతర శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు ఈ సంబంధమును బలపరచెను. 1970 తరువాత రక్తనిధులు దాతలను పరీక్షింపసాగెను.

అయినను శత్రువు పూర్తిగా లొంగలేదు. కొందరికి పైపొర పదార్థము రక్తమున కనబడకపోయినను, వైరసు కాలేయమున దాగియుండును. అందువలన వైరసు లోపలి భాగమును ఎదిరించు ప్రతిరక్షకమును గూడ కొన్ని దేశములు పరీక్షించుచున్నవి. అది గతకాలపు వ్యాధికి సాక్షి వంటిది. కాని ఈ వ్యాధి అనేకులకు బాల్యముననే సోకిన దేశములలో అట్టివారినందరిని నిరాకరించినచో రక్తమునకే కొరత కలుగును. కావున అచ్చట ఇతర పరీక్షలను ఆశ్రయింతురు.

పరీక్ష వలన రోగికి రక్షణ కలుగును గాని, వైరసు కలవాడని తేలిన వ్యక్తి గతియేమి? సంఘము అతనిని దూరముగా నుంచునేమోయని బ్లంబర్గు చింతించి, ఆ విషయమును గూర్చి వ్రాసెను. రక్తము పనికిరానంత మాత్రమున మనుష్యుడు పనికిరానివాడు కాడు.

ఆయన ఇర్వింగ్ మిల్మను అను సహచరునితో కలసి టీకాకు మార్గము కనుగొనెను. 1981లో అమెరికాలో అట్టి టీకాకు అనుమతి లభించెను. 1976లోనే ఆయనకు నోబెలు బహుమతి లభించియుండెను. 2011 ఏప్రిల్ 5వ తేదీన కాలిఫోర్నియాలో ఒక శాస్త్రసభకు వెళ్లినపుడు ఆయన కన్నుమూసెను. ఆయన జన్మదినమైన జూలై 28ని ప్రపంచ హెపటైటిస్ దినముగా పాటించుచున్నారు. గాజుపలకపై ఒక చిన్న గీతను నిర్లక్ష్యము చేయని ఆయన ఓర్పు వలన లెక్కలేనన్ని ప్రాణములు నిలిచినవి.