బెంగుళూరు నాగరత్నమ్మ

బెంగుళూరు నాగరత్నమ్మ (నవంబర్ 3, 1878 - మే 19, 1952) కర్ణాటక సంగీత విదుషీమణి, సాహిత్యాభిమాని. తంజావూరు సమీపంలోని తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని నిర్మింపజేసినది ఈమెయే.

బాల్యము, విద్య

నాగరత్నమ్మ మైసూరు సమీపంలోని నంజనగూడులో దేవదాసి కుటుంబంలో జన్మించింది. తల్లి పుట్టలక్ష్మి. కన్నడం, తెలుగు, సంస్కృత భాషలను అభ్యసించింది. సంగీతంలో బిడారం కృష్ణప్ప ఈమె గురువులలో ఒకరు. తరువాత మద్రాసులో స్థిరపడి, కచేరీల ద్వారా విశేషమైన కీర్తిని, ధనాన్ని ఆర్జించింది.

రాధికా సాంత్వనము

18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న కవయిత్రి ముద్దుపళని రచించిన శృంగార ప్రబంధం రాధికా సాంత్వనము. అంతకుముందు వెలువడిన ముద్రణలో కొన్ని పద్యాలను, కవయిత్రి తన వంశాన్ని చెప్పుకొన్న భాగాన్ని తొలగించారు. నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, సమగ్రంగా పరిష్కరించగా, 1910లో వావిళ్ల వారు ప్రచురించారు. కందుకూరి వీరేశలింగం ఈ కావ్యాన్ని నిందించడాన్ని ఆమె పీఠికలో ఖండించింది. పురుషులు వ్రాసిన శృంగారానికి లేని దోషం స్త్రీ వ్రాసినంత మాత్రాన ఎలా వచ్చిందన్నది ఆమె వాదం. 1911లో అశ్లీలమన్న ఆరోపణపై ప్రభుత్వం గ్రంథాన్ని నిషేధించింది. మూడు దశాబ్దాలకు పైగా గడచిన తరువాత, టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగింది.

త్యాగరాజ ఆరాధన

1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి కాలక్రమంలో శిథిలమైంది. ఆ సంగతి 1921లో గురువు కృష్ణప్ప ద్వారా తెలుసుకొన్న నాగరత్నమ్మ, స్థలం సేకరించి, తన స్వార్జితంతో మందిర నిర్మాణం చేపట్టింది. 1925 జనవరిలో కుంభాభిషేకం జరిగింది.

అయితే అప్పటికి ఆరాధనోత్సవాలు పరస్పరం పోటీపడే రెండు పురుష బృందాల చేతిలో ఉండేవి. అందులో స్త్రీలు పాడడానికి అనుమతి లేదు. మందిరం కట్టించిన గాయనికి సైతం మినహాయింపు దొరకలేదు. అందువల్ల ఆమె స్త్రీల కొరకు వేరుగా ఒక ఆరాధన బృందాన్ని ఏర్పరచింది. 1940-41 ప్రాంతంలో మూడు పక్షాలు ఏకమై ఉత్సవాన్ని ఉమ్మడిగా జరపసాగాయి. అప్పటినుండి స్త్రీలకు పురుషులతోపాటు పాడే అవకాశం లభించింది.

చివరి దినాలు

జీవితపు చివరి సంవత్సరాలు తిరువైయారులోనే గడిపింది. తన ఆస్తిని త్యాగరాజస్వామి సేవకే వీలునామా వ్రాసి, సన్నిధిలో స్త్రీలకు, వారిలో దేవదాసీలకు కూడా, పూజించే, పాడే హక్కు ఉండాలని నిబంధన పెట్టింది. త్యాగరాజ సమాధి చేరువలోనే ఈమె సమాధి, శిలావిగ్రహం ఉన్నాయి. ఏటా పుష్య బహుళ పంచమినాడు కావేరీ తీరాన ఘనరాగ పంచరత్న కీర్తనలను స్త్రీ పురుషులు కలసి గానం చేస్తారు.